చిన్న పొట్లం

చందూర్
మే నెల, ఆదివారం

రాజలింగన్నకు పేతురు వందనాలు.

నేను క్షేమం. నువ్వు, రుక్మాబాయి వదినె క్షేమమని తలుస్తాను. ఫోన్ చేద్దామనుకున్నాను. నీకు వినబడదు. నాకు మాట్లాడరాదు. ఇద్దరం హలో హలో అనుకుంటూ కూర్చోవాలి. అందుకే ఉత్తరం.

విషయం బండిది. మన అంబాసిడర్ నీళ్లు తాగుతున్నది. రేడియేటర్ గొంతుదాకా పోస్తాను. వారం తిరిగేసరికి చెంబెడు తక్కువ. అల్లుడు బోధన్ నుంచి ఆకుపచ్చ కూలెంట్ తెచ్చి పోశాడు. అదీ అంతే. కింద నేల మీద చుక్క లేదు. ఎటు పోతున్నదో తెలియదు.

పోయిన నెల గ్రేస్‌ను, మనుమరాలు దీవెనను ఎక్కించుకుని బోధన్ బయలుదేరాను. రుద్రూర్ దాటగానే బానెట్ సందుల నుంచి పొగ. రోడ్డు పక్కన ఎండలో కూర్చున్నాము. చెట్టు నీడ కూడా లేదు. దీవెన ఏడ్చింది. గ్రేస్ దాని తల మీద కొంగు కప్పింది. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కున్నాక అన్నది.

"బాపు, గీ బండి ఇగ అమ్మేద్దాం. నువ్వొక్కనివే ఉన్నప్పుడు గిట్లయితే ఎవరికి చెప్తవు? నువ్వు ఎవరినీ పిలువవు గూడ."

బిడ్డది తప్పు కాదు. భయపడ్డది. టీచరు గదా, దసరా సెలవుల దాకా ఆగుతానన్నది. అప్పటికి నీళ్లు పోవడం ఆగితే బండి ఉంటుంది. లేకపోతే పాత ఇనుము కొనే ఆయనకు ఇవ్వాలి. ఆయన ఒకసారి వచ్చి చూసి పోయాడు. బర్రెను తట్టి చూసినట్టు తట్టి చూశాడు.

బండి సగం నీది. బోధన్‌లో కిరాయికి తోలుదామని ఇద్దరం కలిసి కొన్నాము. నువ్వు నిజామాబాద్ పోయేనాడు తాళం నా చేతిలో పెట్టినావు. సగం వద్దని మాత్రం అనలేదు. నిన్ను అడగక అమ్మను.

బాలవ్వ ఉంటే ఏమనేదో. ముందు సీటు ఆమెది. ఆమె పోయినాక అందులో ఎవరూ కూర్చోవడం లేదు. గ్రేస్ కూడా వెనకనే కూర్చుంటుంది.

ఏం చేయమంటావు?

నీ తమ్ముడు
పేతురు


నిజామాబాద్
జ్యేష్ఠ మాసం

తమ్ముడు పేతురుకు రాజలింగు దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అంటారా, కరెంటు బిల్లు అంటారా? ఇటు తిప్పితే అయిపోయింది. మా మరదలు బాలవ్వ నీతో అన్నేండ్లు ఎట్ల వేగిందో ఆ ఏసుప్రభువుకే తెలియాలి. మీ వదినె అడిగింది, "పేతురు ఏం రాసిండు?" అని. "బండి నీళ్లు తాగుతున్నదట" అన్నాను. "ఆయనేమన్న తింటుండా లేదా, అది రాసిండా?" అని గట్టిగా అరిచింది. నువ్వు రాయలేదు. ఈసారి రాయి.

ముందు ఒక మాట. బండి అమ్మకు. ఇనుమోనికి ఇచ్చేటట్టయితే నా సగం కోసి నాకు పంపు. వెనక సగం నాది. డిక్కీ ఉంటుంది, అందులో పండుకుంటాను.

నవ్వుతాలకు అన్నాను గానీ, నీ ఉత్తరం చదివినాక నాకు బోధన్ గుర్తుకు వచ్చింది. ఫ్యాక్టరీ గేటు ముందు మన బండి నిలబడ్డ జాగా. చెరకు బండ్లు ఊరవతల దాకా బారుగా ఉండేవి. ఎడ్లు నిలబడే నిద్రపోయేవి. చెరకు రసం ఉడికే వాసన బట్టలకు పట్టి, ఇంటికి పోయినా పోయేది కాదు. సైరన్ కూయగానే నువ్వు గుడ్డ తీసుకుని అద్దాలు తుడిచేవాడివి. ఒక్క గిరాకీని పిలవకపోయేవాడివి. నేను పక్కన నిలబడి నీ వంతు కూడా అరిచేవాణ్ణి. పగలు నువ్వు తోలితే రాత్రి నేను. ఒక్క తల్లి బిడ్డలం కాకున్నా, బండికి రెండు జీవాలు అని అందరూ నవ్వేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డది, గిరాకీ పోయింది, నేను ఈ పసుపు మార్కెట్‌కు వచ్చి పడ్డాను. ఇక్కడ బస్తాల మధ్య కూర్చుంటే అన్నీ పసుపు వాసనే. ఒక్కోనాడు ముక్కు చెరకు వాసన కోసం వెతుకుతది.

సరే, పనికి వద్దాం. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు చూడు. వేడి మీద మూత తిప్పకు, నా చెయ్యి మీద మచ్చ నీకు ఎరికే. మూత కింద రబ్బరు పగిలితే నీళ్లు ఆవిరై అక్కడి నుంచే పోతాయి. అది బాగుంటే ఇంజన్ ఆయిల్ పుల్ల బయటికి గుంజి చూడు. ఆయిల్ చాయ లెక్క తెల్లగా అయిందంటే నీళ్లు ఇంజన్ లోపలికి పోతున్నట్టు. అప్పుడు మాత్రం గ్రేస్ మాటే మాట. అట్ల కాకపోతే మనం గెలిచినట్టే. బయట ఎక్కడో కారుతున్నట్టు. బండి కింద పేపర్లు పరిచి పండుకో. నువ్వు కాదు, బండి.

చూసి రాయి. ఈసారి రెండు పేజీలు రాయి. కాగితం నేను పంపుతాను.

రాజలింగు


చందూర్
జూలై నెల

రాజలింగన్నకు వందనాలు.

అన్నం తింటున్నాను. పొద్దున జొన్నరొట్టె. వదినెకు చెప్పు.

నువ్వు చెప్పినవన్నీ చూశాను. మూత రబ్బరు ఎండిపోయి ఉండె. కొత్త మూత వేశాను. ఆయిల్ శుభ్రంగా ఉంది. చాయ లెక్క కాలేదు. పుల్ల తుడిచి రెండోసారి కూడా చూశాను. పేపర్లు పరిచాను. పొద్దున చూస్తే పొడిగా ఉన్నాయి. ఎలుక ఒక మూల కొరికింది. నీళ్లు మాత్రం తగ్గినాయి.

వర్ని మెకానిక్‌కు చూపించాను. చాలాసేపు చూశాడు. మంచి పిల్లవాడే. పంపు, పైపులు అన్నీ చేత్తో తడిమాడు. "తాత, అన్నీ మంచిగనే ఉన్నయి. ఏడ కారుతున్నదో నాకైతే దొరుకుత లేదు. నీళ్ల డబ్బా ఎంబడి పెట్టుకొని తిరుగు" అన్నాడు. గ్రేస్‌కు అదే చెప్పాను. "అది రిపేరు గాదు బాపు, భయం" అన్నది. నిజమే.

ఇప్పుడు బండిని చర్చి దాకా తీసుకుపోతాను, తీసుకొస్తాను. అంతే. వాన పడుతున్నది. నాట్లు మొదలైనాయి. చర్చి నుంచి వచ్చేటప్పుడు బాలవ్వ అద్దం దించి పొలాలు చూసేది. ఎవరి నారు ఎట్లుందో చెప్పేది. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో కూడా చెప్పేది. నేను ఊ అనేవాణ్ణి. ఇప్పుడు ఎడమ పక్క అద్దం మూసే ఉంటుంది.

ఒకటి అడుగుదామనుకుని మరిచాను. పోయిన దసరాకు వదినె బస్సులో పంపిన పసుపు అందింది. అప్పుడు బాలవ్వ పోయి రెండు నెలలు. నేను జవాబు రాసే స్థితిలో లేను. పెద్ద పొట్లం గ్రేస్ కూరలకు వాడుతున్నది. దానితోపాటు ఒక చిన్న పొట్లం ఉంది. దారంతో వేరే కట్టి ఉంది. ఎందుకో తెలియలేదు. విప్పలేదు. అల్మారాలో బాలవ్వ దువ్వెన పక్కన పెట్టాను. వదినెను అడుగు.

పేజీన్నర అయింది.

పేతురు


నిజామాబాద్
శ్రావణ మాసం

తమ్ముడు పేతురుకు,

పేజీన్నర చూసి మీ వదినె "పేతురుకు జరమొచ్చిందా?" అన్నది. పొట్లం సంగతి అడుగుదామంటే ఆ రోజే మహారాష్ట్ర దిక్కు బిలోలి పోయింది, వాళ్ల అన్న ఇంట్లో ఏదో శుభకార్యం. వచ్చినాక అడుగుతాను. కుంకుమేమో, ఇంకేమో. ఆడవాళ్ల పొట్లాలు మనకేం తెలుస్తాయి?

వర్ని పిల్లవాడు మంచివాడే. కానీ కారే నీళ్లు ఉడుకు మీద ఎగిరిపోతే ఎవనికి దొరుకుతాయి? బండి నడుస్తున్నప్పుడే కారుతది, ఫ్యాను గాలికి చెదిరిపోతది. నిలబెట్టినాక కారే చుక్క కింద ఇనుప పట్టీ మీద పడి ఆరిపోతది. నేల దాకా రాదు. దొంగతనం బయటపడకుండా చేసే దొంగ అది.

నాకు ఒక ఉపాయం తోచింది. ఎట్ల తోచిందో కూడా చెప్తాను.

గ్రేస్ పుట్టిన రోజు గుర్తుందా? బాలవ్వకు నొప్పులు మొదలైతే బోధన్ నుంచి నిజామాబాద్ దవాఖానకు బయలుదేరినం. నువ్వు తోలుతున్నావు. నీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముందు సీట్లో నేను. వెనక బాలవ్వ తల మీ వదినె ఒళ్లో. ఎడపల్లి దాటినామో లేదో, బండి ఉడికి ఆగింది. రేడియేటర్ కింద పక్క నుంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. నువ్వు దిగి నిలబడ్డావు. రోడ్డు చూస్తున్నావు, బండి చూస్తున్నావు.

పసుపు లారీలు తోలేవాళ్లు రేడియేటర్‌లో పసుపు వేస్తారని నేను విని ఉన్నాను. పసుపు లోపల తిరిగి, బొక్క దగ్గరికి పోయి, ఉబ్బి, కూర్చుంటదట. "రుక్మా, నీ దగ్గర పసుపున్నదా?" అని అడిగాను. ఆమె కొంగుకు మూట కట్టి ఉంది. బాలింతకు, పుట్టే బిడ్డకు అని తెచ్చుకున్నది.

"ఇది బాలింతకు" అన్నది.

"బండి కదిలితేనే గదా బాలింత అయ్యేది!"

"అగబాయీ, ఇంజన్‌కు ఎవరన్న పసుపు రాస్తరా?"

అప్పుడు నొప్పుల్లో ఉన్న నీ పెండ్లాం కండ్లు తెరిచి అన్నది, "ఇయ్యి అక్కా. ఆయన మాట్లాడడు, ఈయన ఊకోడు. బండన్న పనిచేయనీ."

కాలువ నీళ్లు పోసి, మూట మొత్తం గుమ్మరించాను. బండి కదిలింది. మళ్లీ చుక్క కారలేదు. దవాఖానలో బాలింతకు పెట్టనీకి పసుపు లేక, ఎదురుగా దుకాణంలో కొనుక్కొచ్చినం.

అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది. ప్రతి దసరాకు బండికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రేడియేటర్ నోట్లో ఒక చెంచా పసుపు. క్రిస్మస్‌కు నువ్వు ముందర నక్షత్రం కట్టి మీ పాస్టరుతో ప్రార్థన చేయించేవాడివి. బండికి రెండు పండుగలు. నా పండుగనాడు నువ్వు పక్కకు జరిగి నిలబడేవాడివి, వద్దనేవాడివి కాదు, ముఖం మాత్రం చిన్నగైతుండె. నేను ఇటు వచ్చినాక నా పండుగ ఆగిపోయింది, నీది మిగిలింది. మంచిదే.

ఇప్పుడు ఉపాయం. పాత తెల్ల ధోతి చింపి పీలికలు చేయి. పై పైపు మొదట్లో ఒకటి, కింది పైపు మొదట్లో ఒకటి, పంపు కింద ఒకటి, రేడియేటర్ కింద అతుకు పొడుగునా ఒకటి కట్టు. ఫ్యానుకు తాకకుండా చూసుకో, లేకపోతే నీ ధోతి వర్ని దాకా ఎగురుతది. చర్చికి పోయి రా. చల్లబడ్డాక విప్పు. మీ అల్లుడు పోసిన ఆకుపచ్చ నీళ్లు ఏ పీలికకు అంటితే అదే దొంగ.

రాజలింగు


చందూర్
సెప్టెంబరు నెల

రాజలింగన్నకు వందనాలు.

దొంగ దొరికింది.

రేడియేటర్ కింది అతుకు. ఎడమ మూలకు. మిగతా పీలికలు తెల్లగా ఉన్నాయి, మసి తప్ప. అది మాత్రం తడిసింది.

కానీ ఆకుపచ్చ ఒక్కటే లేదు. పసుపు కూడా ఉంది.

నేను మళ్లీ కొత్త పీలిక కట్టి చూశాను. మళ్లీ అంతే. బండి కింద పండుకుని, చేతి అద్దం పట్టి చూశాను. అతుకు వెంబడి చిన్న గార కట్టి ఉంది. గోరుతో గీరాను. పొడి రాలింది. వాసన చూశాను. పసుపే అన్నా. నాకు తెలియని వాసన కాదు.

నువ్వు బోధన్ విడిచి పదేండ్లయింది. నువ్వు పోయినాక ఈ రేడియేటర్‌ను రెండుసార్లు విప్పి కడిగించాను. నువ్వు వేసింది అప్పుడే పోయి ఉండాలి. ఇది కొత్తగా ఉంది. పొర మీద పొర ఉంది. నేను వేయలేదు. గ్రేస్‌ను అడిగాను. "రేడియేటర్ మూత ఏడుంటదో నాకేం తెలుసు బాపు" అన్నది. అల్లుడూ వేయలేదు.

ఎవరు వేశారు?

బాలవ్వ పోయి ఏడాది అయింది. సమాధి దగ్గర ప్రార్థన పెట్టించాము. అందరూ వచ్చారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. రాలేదు. కూర్చున్నాను.

ఇనుమాయన మళ్లీ ఫోన్ చేశాడు. సెలవులు దగ్గరికి వచ్చినాయి. జాగా దొరికింది గానీ ఏం చేయాలో రాయి. గ్రేస్‌కు నేను ఇంకా గట్టిగా ఏమీ చెప్పలేదు.

పేతురు


నిజామాబాద్
భాద్రపదం, బతుకమ్మ ఇంక వారం ఉందనగా

తమ్ముడు పేతురుకు,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ వదినె వాకిట్లో గునుగు పూలకు రంగులు అద్దుతున్నది. నాకు చెవులు పోయినాక చదివితే గట్టిగా చదువుతాను, నాకే వినబడాలని. అట్ల చదువుతున్నాను. "పసుపే అన్నా" దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. "ఎవరు వేశారు" దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే?" అన్నాను.

ఏదో అన్నది. వినబడలేదు. మళ్లీ అన్నది. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టాను. అప్పుడు వాడకట్టు మొత్తం వినేటట్టు అరిచింది.

"బాలవ్వ ఏసింది! మీ ఇద్దరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నది!"

నిజం పేతురూ. నేను నిజామాబాద్ వచ్చిన ఏడాది బాలవ్వ మీ వదినెతో అన్నదట, "బావ పోతుండు, బండికి చెంచా ఎవరేస్తరు?" అని. "మీ ఆయనకు చెప్పు" అంటే, "ఆయన నోరు తెరిచి వద్దనడు అక్కా. ముఖం చిన్నగ చేస్కుంటడు. అది నేను సూడలేను" అన్నదట. "మరి చర్చిలో తెలిస్తే?" అంటే ఏమన్నదో తెలుసా? నేను మీ వదినెతో రెండుసార్లు చెప్పించుకుని రాస్తున్నాను.

"ఇది పూజ గాదక్కా, మందు. మనిషికి దెబ్బ తాకితే పసుపు పెడుతం గదా. బండికి తాకితే పెట్టొద్దా?"

ప్రతి దసరాకు మీ వదినె రెండు పొట్లాలు కట్టేది. పెద్దది ఇంటికి, చిన్నది బండికి. దసరా పొద్దున నువ్వు పొలానికి నీళ్లు చూడను పోతావట. అప్పుడు బాలవ్వ బానెట్ లేపి, మూత తీసి, చెంచా వేసి, మూత పెట్టి, చెయ్యి కడుక్కుని నీకు చాయ పెట్టేదట. బానెట్ లేపడం ఎక్కడ నేర్చుకున్నదో! నువ్వు లేపుతుంటే ముందు సీట్లో నుంచి చూసి ఉంటది.

పోయిన దసరాకు ఆమె లేదు. అయినా మీ వదినె చిన్న పొట్లం కట్టింది. "చెయ్యి ఊకోలేదు, ఏం చేయను" అంటున్నది. నీకు చెప్పాలంటే ఒట్టు అడ్డం వచ్చింది. నువ్వు దాన్ని దువ్వెన పక్కన పెట్టుకున్నావు. బండికి పోయినేడు మందు పడలేదు. ఎండలు రాగానే పాత గార విడిచింది.

అర్థమైందా తమ్మీ? లీకు కొత్తది కాదు. ఎన్నడో పుట్టింది. ఇద్దరు డ్రైవర్లం ఆ బానెట్ కింద తలకాయలు పెట్టి ముసలోళ్లమైనం, మనకు తెలియలేదు.

ఇక చేయాల్సింది. ఇక్కడ ఖిల్లా దిక్కు మార్కండేయ అని రేడియేటర్ల బొక్కలకు సీసం కరిగించి టాంకా వేసే మనిషి ఉన్నాడు. పాత ఇత్తడి పని తెలిసినవాడు. ఒక్క టాంకా వేస్తే నీ కాలం, నా కాలం వెళ్లిపోతుంది. పసుపు ఎన్నటికైనా పసుపే, ఏడాదికోసారి అడుగుతది, ఎక్కువైతే లోపలి నాళాలు మూసుకుంటాయి కూడా. గ్రేస్ భయం తీరాలంటే టాంకానే. అయితే ఇక్కడి దాకా రావాలి గదా? ఆ చిన్న పొట్లం విప్పు. బండిలో వేయి. నిమ్మళంగా రా.

గ్రేస్‌కు అన్నీ చెప్పు. ఎడపల్లి సంగతి కూడా చెప్పు. నువ్వు ఇన్నేండ్లలో చెప్పి ఉండవు. నాకు తెలుసు.

రాజలింగు


చందూర్
అక్టోబరు, దసరా పోయిన ఆదివారం

రాజలింగన్నకు, రుక్మాబాయి వదినెకు వందనాలు.

క్షేమంగా చేరినాము. మీ ఇంట్లో నేను మాట్లాడింది తక్కువ. వదినె అన్నది కూడా, "ఇంత దూరం వచ్చి గోడకు ఆనుకొని కూసున్నవు" అని. అందుకే రాస్తున్నాను. ఇది పెద్ద ఉత్తరం. కాగితం నాదే.

నీ ఉత్తరం కూర్చునే చదివాను. బండిలో కూర్చుని చదివాను. ముందు సీట్లో, ఎడమ పక్క. అక్కడి నుంచి చూస్తే బానెట్ తాళం తీసేది, ఇనుప పుల్ల నిలబెట్టేది అంతా కనబడుతుంది. నాకు ఇంతవరకు తెలియదు. నేనెప్పుడూ అటు కూర్చోలేదు.

గ్రేస్ బడి నుంచి వచ్చినాక చెప్పుదామనుకున్నాను. నోరు రాలేదు. నీ ఉత్తరాలు అన్నీ ఆమె చేతిలో పెట్టాను. వాకిట్లో నిలబడి చదివింది. ఎడపల్లి దగ్గర ఒకసారి నవ్వింది. చివరిది చదివి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. నేను బర్రెకు గడ్డి వేసి వచ్చాను. అప్పటికి ఆమె బండి దగ్గర ఉంది. చేతిలో చిన్న పొట్లం, చెంచా.

"బాపు, మూత ఏడుంటది?"

చూపించాను. దారం విప్పింది. లోపల సరిగ్గా చెంచాడే ఉంది, వదినె కొలిచి కట్టినట్టుంది. గ్రేస్ వేసింది. పసుపు నీళ్ల మీద కొంతసేపు తేలి, మెల్లగా లోపలికి పోయింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాము.

"నువ్వు ముఖం చిన్నగ చేస్కుంటవట గదా" అన్నది.

"ఎవరన్నరు?" అన్నాను.

"ఇగో, ఇప్పుడు సూస్తున్న."

నేను ముఖం తిప్పుకున్నాను. బాలవ్వ మాట అచ్చం అట్లనే ఉండేది.

దసరా ముందురోజు బయలుదేరినాము. గ్రేస్ వెనక తలుపు తెరిచి, ఆగి, మళ్లీ మూసింది. ముందుకు వచ్చి కూర్చుంది. రుద్రూర్ దగ్గర ఆమె నా ముఖం చూడలేదు, బానెట్ చూసింది. పొగ రాలేదు. బోధన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు నిమ్మళంగా పోనిచ్చాను. గోడ మీద గడ్డి మొలిచింది. మన బండి నిలబెట్టే జాగాలో ఎవరో చెరకు రసం మిషను పెట్టుకున్నారు. ఆగి తాగినాము. ఒక్క గ్లాసే అయినా వాసన వచ్చింది అన్నా. నువ్వు వెతికే వాసన. నీకు ఒక సీసాలో పోసుకొద్దామనుకున్నాను. పులిసిపోతుందని మానుకున్నాను.

ఎడపల్లి దాటినాక గ్రేస్ అడిగింది, "ఎక్కడ బాపు?" అని. కాలువ దగ్గర చూపించాను. బండి ఆపమన్నది. దిగింది. కాలువ చూసింది, రోడ్డు చూసింది. ఎక్కింది. ఏమీ అనలేదు. ఆమె నా బిడ్డ కూడా గదా.

మీ ఇంటి ముందు చల్లబడ్డాక మూత తీసి చూస్తే నీళ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నువ్వు చూశావు.

ఇప్పుడు మార్కండేయ దగ్గర జరిగింది రాస్తాను. నువ్వు పక్కనే ఉన్నావు. కానీ నీకు వినబడలేదు. అక్కడ టాంకా మంట చప్పుడు కూడా ఉండె. మార్కండేయ రేడియేటర్ విప్పి, తలకిందులు పెట్టి, అతుకు గీరాడు. పసుపు పెళ్లలు పెళ్లలుగా ఊడింది. కింద సూది బెజ్జం అంత బొక్క కనబడ్డది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"పెద్దాయన, ఈ బొక్క మస్తు పాతది. అంచులు నల్లగైనయి సూడు. గిన్నేండ్లు దీన్ని ఎవరు ఆపిండ్రు?"

"మా ఇంటామె" అన్నాను.

"మెకానికా?"

"ఔ" అన్నాను.

ఆయన నవ్వలేదు. తల ఊపి, మంట పెద్దది చేసి, టాంకా వేశాడు.

నువ్వు నా భుజం తట్టి "ఏమన్నడు, ఏమన్నడు?" అని అడిగావు. నేను "ఏం లేదు" అన్నాను. గుర్తుందా? ఏం లేదు కాదు. ఆయన అడిగింది, నేను చెప్పింది అది.

బండి అమ్మడం లేదు. గ్రేస్ ఇనుమాయనకు తనే ఫోన్ చేసి చెప్పింది. "మా అమ్మ బండి అది, ఇయ్యం" అన్నది. నా బండి అనలేదు, నీ సగం కూడా లెక్క పెట్టలేదు. నువ్వు కోపగించుకుంటే గ్రేస్‌తో కొట్లాడు. నేను మధ్యలోకి రాను.

ఈ రోజు చర్చికి పోయి వచ్చాము. గ్రేస్ ముందు కూర్చుంది. పొలాలు కోతకు వచ్చినాయి. అద్దం దించి ఎవరి పొలం ఎట్లుందో చెప్పింది. సగం తప్పు చెప్పింది. మడులు దానికి తెలియవు. నేను ఊ అన్నాను.

వచ్చి, బండి చల్లబడ్డాక మూత తీసి చూశాను. నీళ్లు గొంతుదాకా ఉన్నాయి.

చివరగా ఒక మాట. బయలుదేరేటప్పుడు వదినె అన్నది, "టాంకా పడ్డది గదా పేతురూ, ఇగ చిన్న పొట్లం కట్టే పని లేదు" అని. నేను అప్పుడు తల ఊపాను. తప్పు ఊపాను. వదినెకు చెప్పు, వచ్చే దసరాకు కట్టమని. ఎప్పటిలాగ చెంచాడే. బస్సులో పంపవద్దు.

నేనే వచ్చి తీసుకుంటాను.

నీ తమ్ముడు
పేతురు